వెనక్కి మళ్లిన మంద

రెండు వేల రెండులో తిరుమలగిరి వైపు వాన పత్తా లేకుండా పోయింది. బోర్లు దుమ్ము కక్కాయి. గొర్రెలు కాసుకునే మట్టయ్య చివరిదాకా మొండికేశాడు. జీవాలు డొక్కలెండి కూలబడుతుంటే గాని భార్య నర్సమ్మను వెంటబెట్టుకుని, సూర్యాపేట మీదుగా మందను కోదాడ దారి పట్టించలేదు.

కోదాడ పక్కన అనంతగిరి దగ్గర ప్రేమ్‌కుమార్ అనే టీచరు ఎరువు కోసం తన పొలంలో మంద పెట్టించుకున్నాడు. సాయంత్రాలు గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. వేల ఏళ్ల కిందట వానలు మొహం చాటేసి పచ్చటి నేలలు ఎడారులైపోతే, ఆదిమ మనుషులు కూడా జంతువుల వెనకే నీళ్లు వెతుక్కుంటూ ఖండాలు దాటారట.

"ఎన్కకు మల్లినోళ్లు లేరా సారూ?" అడిగాడు మట్టయ్య.

"ఉండే ఉంటారు. వాళ్లేమయ్యారో మనకేం తెలుసు? ముందుకు నడిచినవాళ్ల పిల్లలమే కదా మనం."

మట్టయ్యకు ఆ మాట రుచించలేదు. ఇక్కడ వరిగడ్డి వాములకు వాములున్నా అతని ప్రాణం ఊరి మీదే కొట్టుకునేది. మరుసటి ఏడు తొలకరిలో తిరుమలగిరిలో రెండు జల్లులు పడ్డాయని కబురు రాగానే ఇక కాలు నిలవలేదు.

"జర ఆగు. లేత పచ్చిక మేస్తే చిటుక రోగమొచ్చి జీవాలు సస్తయని నీకెర్క లేదా? గడ్డి ముదరనియ్యి," అంది నర్సమ్మ.

"ఎర్కే. ముందుగాల ఎండుగడ్డేసి, పొద్దెక్కినంక ఇడుస్త."

తాతల నాటి పద్ధతే అది. కరువు ఊళ్లో ఎండుగడ్డి ఎక్కడిదని మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు. మందతో ఊరు చేరాక ఇల్లిల్లూ తిరిగినా పిడికెడు దొరకలేదు. దొడ్లోని జీవాలు పచ్చిక వాసనకు అరిచి అరిచి అతని ప్రాణం తోడేశాయి. వినలేక తడిక తీశాడు. బిడ్డల్లా సాకినవి కడుపారా మేసి, మర్నాటి నుంచి ఎగిరెగిరి పడి ఒక్కొక్కటే చచ్చాయి. నర్సమ్మ ఖాళీ దొడ్డి ఊడ్చి తడిక మూసింది. తిట్టినా బాగుండేదని అతను ఎన్నోసార్లు ఏడ్చాడు.

కొన్నేళ్లకు మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు ముందు బస్తాలు మోస్తున్న మట్టయ్యను ప్రేమ్‌కుమార్ గుర్తుపట్టాడు.

"మంద ఏదయ్యా?"

మట్టయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"ఎన్కకు మల్లినోళ్లు ఏమైన్రో తెల్వదంటిరి గద సారూ. గిట్లయిన్రు."

లోపల్నుంచి ఎవరో కేకేశారు. తలగుడ్డ చుట్టుకుని బస్తాకు వీపు ఒగ్గాడు.