మాత్రలు తెప్పించే నెలసరి

నాకు ముప్పై మూడో ఏట నెలసరి గాడి తప్పింది. ఒకసారి ముందే వచ్చేది, ఇంకోసారి నెలలు దాటినా వచ్చేది కాదు. చెన్నై షోళింగనల్లూరు ఆఫీసులో నాతో పనిచేసే స్నేహితురాలు, "రోజూ ఒంట్లో, మనసులో ఎలా ఉందో డైరీలో రాసుకో, నీ ఒళ్లు నీకే అర్థమవుతుంది" అంది. నమ్మకంగా మొదలుపెట్టాను. క్యాబ్‌లో ఇంటికి వస్తూ నడుం నొప్పి, చిరాకు, ఏసీలో కూడా ఒళ్లంతా కమ్ముకొచ్చే వేడి, కారణం లేని ఏడుపు, అన్నీ రాసేదాన్ని. వేళకు తినడం, పొద్దున నడవడం కూడా అలవాటు చేసుకున్నాను.

ఏమీ మారలేదు. చివరికి డైరీ పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ఓపికగా చదివి, రక్తపరీక్షలు చేయించింది. రిపోర్టులు చూశాక మెల్లగా చెప్పింది.

"నీ అండాశయాలు తొందరగా అలిసిపోయాయమ్మా. పిల్లలు పుట్టే ఆశ చాలా తక్కువ."

"నేనేమైనా తప్పు చేశానా?"

"లేదు. నువ్వేం చేసినా ఇది ఆగేది కాదు."

ఓదార్పుగానే అంది. నాకు మాత్రం ఆ మాటతోనే చేయడానికి ఏమీ మిగల్లేదనిపించింది. ఎముకల కోసం, గుండె కోసం హార్మోను మాత్రలు రాసిచ్చింది.

మాత్రలు మొదలుపెట్టిన నెలలోనే రక్తం కనిపించింది. పెరంబూరులో ఉండే అమ్మ దగ్గరికి వెళ్లి చెబితే పొంగిపోయింది.

"వచ్చేసిందా! చూసినావా, ఆ డాక్టరుకేం తెల్సు?"

"మాత్రలు తెప్పించేదమ్మా అది. ఆపేస్తే రాదు."

అమ్మ ముఖం వాడిపోయింది. కాసేపటికి, "సరి, ఈడ కూర్చో" అని పక్కకు జరిగింది. కూర్చున్నాను.

మాత్రలు వేసుకుంటూనే ఉన్నాను. డైరీ మళ్లీ తెరవలేదు.