లాభం తరవాత ఏక్

ఆ చలికాలం ఖుల్నా ప్రయాణంలో నేను పోగొట్టుకున్నవి ఇవి. మంకీ క్యాప్ ఒకటి. మేజోడు ఒకటి, అదీ జత కాదు, ఎడమకాలిది. గొంతు నాలుగు రోజులు, ముక్కుకి వాసన తొమ్మిది రోజులు. ఒంటి బరువు రెండు కిలోలు. ఎప్పుడూ లెక్క తప్పడన్న ఇరవై ఆరేళ్ళ పేరు. మొదటి అయిదూ జలుబు పట్టుకుపోయింది. ఆరోదానికి మాత్రం పూచీ నాదే.

నేను బడ్జ్ బడ్జ్‌లో ఒక జనపనార మిల్లులో బేళ్ళు, అంటే నార కట్టలు, లెక్కపెట్టేవాణ్ణి. బడికి వెళ్ళింది నాలుగేళ్ళు. లెక్క నేర్చింది మాత్రం శ్రీకాకుళం వైపు మా ఊరి కళ్ళాల్లో, ధాన్యం కొలిచేవాళ్ళ పక్కన కూచుని. వాళ్ళు మొదటి కుంచాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ఆ తరవాత రెండు, మూడు. నాకూ అదే అలవాటు. నూరు నిండితే పలక మీద ఒక గీత, మళ్ళీ లాభం.

ఆ ఏడు మిల్లువాళ్ళు సరిహద్దు అవతల ఖుల్నాలో వెయ్యి బేళ్ళు కొన్నారు. నేను వెళ్ళి, లెక్కపెట్టి, పడవకెక్కించి రావాలి. నేను చెప్పిన అంకెకే డబ్బు. రైలూ బస్సూ కలిపి ఒక్క పగటి దూరమే గానీ, పాస్‌పోర్టు చూసి మా ఆవిడ హడలిపోయింది.

"ఇదేసం ఎల్తన్నావు, అక్కడ సలెంతుంటాదో ఏటో!" అని మూడు స్వెట్టర్లు, మంకీ క్యాప్ తొడిగి పంపింది. నిజానికి అక్కడా బడ్జ్ బడ్జ్‌లో ఉన్నంత చలే. మధ్యాహ్నం మూడు స్వెట్టర్లలో చెమట్లు కారాయి. ఆ తడి మీద సాయంత్రం ఏటి గాలి కొట్టింది. తెల్లారేసరికి జ్వరం నూట రెండు, గొంతు సున్నా.

అక్కడి కూలీల సర్దారు అరవై దాటిన మనిషి. నన్ను చూసి నాకన్నా ఎక్కువ కంగారుపడ్డాడు. "దాదా, జలుబు ముక్కులోంచి వస్తుందనుకున్నావా? అరికాల్లోంచి వస్తుంది" అని నా ఎడమకాలి మేజోడు తనే లాగేసి, వెల్లుల్లి కాచిన ఆవనూనె మర్దించాడు. కుడికాలు నేనివ్వలేదు. అందుకే సగమే తగ్గిందని ఆయన వాదన.

"మాట రావట్లేదుగా, నువ్వు గొణుగు, నేను అరుస్తాను" అన్నాడు.

బేళ్ళు కదిలాయి. మొదటిదానికి నేను లాభం అని గొణిగాను. లాభం అన్న మాట బెంగాలీలోనూ ఉంది కాబట్టి, సర్దారు అది అంకె అనుకోలేదు. నేను వ్యాపారానికి శుభం పలుకుతున్నాననుకున్నాడు. కళ్ళు మూసుకుని, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "హోబే దాదా, హోబే!" అన్నాడు. అంటే వస్తుంది, తప్పక వస్తుందని. రెండో బేలు రాగానే గొంతెత్తి "ఏక్!" అని అరిచాడు.

ఎంత భక్తిగల మనిషో అనుకున్నాను. జ్వరంలో అంతకుమించి ఏమీ అనుకోలేక, మిగతా అంకెలు ఆయనకే వదిలేశాను. ఆయన నూరన్నప్పుడల్లా గీత గీశాను. పది గీతలు. పదిసార్లు నా లాభం, పదిసార్లు ఆయన హోబే.

పది రోజులకి పడవ బడ్జ్ బడ్జ్ చేరింది. దింపుతూ లెక్కపెడితే వెయ్యిన్ని పది. మూడుసార్లు లెక్కపెట్టాను. మూడుసార్లూ అంతే. మేనేజరు నన్ను లోపలికి పిలిచి తలుపు వేశాడు.

"ఇరవై ఆరేళ్ళలో నువ్వు చేసిన ఒకే ఒక్క తప్పు మనకి కలిసొచ్చింది. నోరు మూసుకో."

మూసుకునేవాణ్ణేమో. కానీ పడవ సరంగు ఇంకో కబురు తెచ్చాడు. గోదాములో పది బేళ్ళు తక్కువయ్యాయట. సర్దారే అమ్ముకున్నాడని యజమాని ఆయన్ని గేటు బయట కూచోబెట్టాడట.

ఇంటికొచ్చి, బఠాణీలు ముందేసుకుని, ఖుల్నాలో జరిగింది జరిగినట్టు చేసి చూపించాను. సర్దారు వేషం కూడా నేనే వేశాను. మా ఆవిడ రెండో గింజ దగ్గరే ఆపేసింది.

"లాబం అన్నాక మల్లా ఏక్ ఏటి? రొండు కదేటి! బేల్లు లెక్కెట్టడానికెల్లినావా, ముక్కు సీదుకోడానికెల్లినావా?"

"రెండింటికీ" అన్నాను.

మర్నాడు మేనేజరు బల్ల మీద, బేళ్ళు పది ఎక్కువ వచ్చాయి, తప్పు నాది అని రాసి సంతకం పెట్టిన కాగితం ఉంచాను. దాని నకలు అప్పటికే ఖుల్నా వెళ్ళే సరంగు జేబులో ఉందని కూడా చెప్పాను. ఆయన నన్ను చూసి, కాగితాన్ని చూసి, "ఆ జ్వరం ఇంకా తగ్గలేదా నీకు?" అన్నాడు. మూడు నెలలు నన్ను నార దులిపే చోట వేశారు. ముక్కు మళ్ళీ మూసుకుపోయింది.

సర్దారుని పనిలోకి తీసుకున్నారు. మరుసటి చలికాలం నేను వెళ్ళేసరికి కూలీలందరినీ వరసగా కూచోబెట్టి సిద్ధంగా ఉన్నాడు.

"పది నూర్లు తప్పు లెక్కపెట్టి నన్ను దొంగని చేశావు. పది నూర్లూ ఇక్కడే, నా ముందు, గొంతెత్తి సరిగ్గా చెప్పు. ఏక్ నుంచి మొదలెట్టు. మధ్యలో లాభం అన్నావో, మొదటికి రావాలి."

"ఒక్కసారే పదీనా సర్దార్?"

"వద్దు, గొంతు పోతుంది. ఏడాదికొకటి."

ఆ ఏడు నూరు పూర్తి చెయ్యడానికి నాలుగుసార్లు మొదటికొచ్చాను. కూలీలు నేలమీద పడి నవ్వారు. తరవాతి రెండు చలికాలాలూ వెళ్ళి, ఏడాదికో నూరు అప్పజెప్పాను. ఆ పై ఏడు మా మిల్లు గేటుకి తాళం పడింది, అవతలి బేళ్ళు కొనేవాళ్ళు లేకపోయారు. సర్దారుకి నేనింకా ఏడు నూర్లు బాకీ. ఒకటి నుంచి నూరు దాకా ఏడుసార్లు, మొత్తం ఏడు వందల అంకెలు.