రాకాసి గూట్లో నల్లరాయి

మా అక్క భర్త, మా బావ, కిందటి నెల పలాసలో డయాలసిస్ మంచం మీదే పోయాడు. మేనల్లుడు ఫోన్ చేసి చెబితే "సరే" అన్నాను. చావు కబురుకి సరే అనే మనిషిని నేనొక్కణ్నే అయ్యుంటాను.

బావ మంచివాడు. ఆయన రాయి గోలే భరించలేం. పూండి దగ్గర ఆయన జీడి తోటలో పెద్ద పలకలు నిలబెట్టి, పైన ఇంకో పలక కప్పిన గూడు ఉంది. రాకాసి గూడంటాం. ఏ కాలం వాళ్లో చనిపోయినవాళ్లను అందులో పెట్టేవారట. పలకలన్నీ గరుకు. లోపల మాత్రం ఒక నున్నటి నల్లరాయి, మధ్యలో చిన్న గుంట. అదేమిటని బావ నలభై ఏళ్లు బుర్ర బద్దలు కొట్టుకున్నాడు.

ఆ రాయి నాది.

కుర్రతనంలో అక్కడ జీడి పిక్కలు కాల్చి కొట్టుకుంటుంటే వాన వచ్చింది. సముద్రం ఒడ్డు నుంచి తెచ్చుకున్న ఆ గుంట రాయినీ, దాని మీద పిక్కలు కొట్టే పిడి చెక్కనీ గూట్లో పడేసి ఇంటికి పరుగెత్తాను. మర్నాడు వెళ్తే చెక్క లేదు. రాయి చుట్టూ జనం. మధ్యలో బావ, నల్లటి మరక చూపించి పూర్వం వాళ్ల నెత్తురంటున్నాడు. అది జీడి నూనె. అంతమందిలో రాయి నాదని చెప్పలేక వెనక్కి జరిగాను.

ఇక ఇంటికెవరొచ్చినా అన్నం పెట్టేముందు తోటకి లాక్కెళ్లేవాడు. చేపలమ్మే ఆవిడ వలకి కట్టే బరువంది. టెక్కలి వియ్యంకుడు ఆకలి మీదుండి, దేవుడంటే దేవుడే అన్నాడు. చివర్న బావ నా వైపు తిరిగేవాడు.

"నువ్వేటంతావు బామ్మర్దీ?"

తల గోక్కునేవాణ్ని.

"రాయైనా ఎప్పుడో సెప్తాది గానీ మా బావమరిది సెప్పడు" అనేవాడు. ఒళ్లు మండేది.

డయాలసిస్‌కి బస్సులో నేనే తీసుకెళ్లేవాణ్ని. కిడ్నీలు పాడైనందుకు ఆయనకి రోజుకిన్నని నీళ్లు కొలిచి ఇచ్చేవారు. అందులోనే రెండు గుక్కలు నాకు మిగిల్చేవాడు, నా సీసా నా దగ్గరుండగా. అదీ విసుగే. దారంతా రాయి కథే. ఆఖరిసారి, "నానెల్లిపోయేలోగా సెప్పవేటి?" అన్నాడు. నేను టికెట్ చూసుకున్నాను.

దినం అయ్యాక మేనల్లుడు ఆ రాయిని నాన్న సమాధి మీద పెడదామన్నాడు. నా అబద్ధం ఆయన నెత్తినా? ముందు నేనొక్కణ్నే తోటకి వెళ్లొస్తానన్నాను.

రాయి జరిపితే వెనక పలక సందులో ఏదో మూట. విప్పాను. నా చెక్క. పిడి మీద నేను కత్తితో గీసుకున్న గీతలు అలాగే ఉన్నాయి. చుట్టింది బావ తువ్వాలు, నిరుడు నేను కొనిచ్చినది. మొదటి రోజే ఆ గీతలు గుర్తుపట్టి చెక్క తీసి దాచాడన్నమాట, ఈ మధ్య మళ్లీ ఈ తువ్వాల్లో చుట్టి ఇక్కడ పెట్టాడు. ఇన్నేళ్లూ ఆయన చూసింది రాయి సంగతి కాదు, నేను నోరు విప్పుతానా అని.

పలక మీద అరచేత్తో ఒక్కటి కొట్టాను. "ఆ రాయి నాదే బావా" అన్నాను. నా మాట నాకే గట్టిగా వినబడింది.

మేనల్లుడికీ చెప్పాను. అయితే మరీ మంచిదన్నాడు.

ఇప్పుడది సమాధి మీద ఉంది. నిన్న వాన పడింది. గుంటలో నీళ్లు నిలిచాయి, రెండు గుక్కలంత.