జలపాతం దాకా చదునైన దారి

జూనోలో ఓడ దిగేసరికి సన్నగా జల్లు పడుతోంది. అలాస్కాలో దీన్ని వాన కింద లెక్కేయరని బస్సు నడిపే ఆవిడ చెప్పింది. మా ఆవిడ రెయిన్‌కోటు టోపీని నుదుటి దాకా లాక్కుని కిటికీ పక్కన కూర్చుంది. గ్లేసియర్ చూడటానికి వెళ్తున్నామని అప్పటికి మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి అడిగినప్పుడు నా గొంతు కొంచెం పెరిగింది. ఆవిడ మళ్లీ అడగలేదు.

ఆవిడకి మతిమరుపు జబ్బు మొదలైందని మా ఊరు ఇర్వింగ్‌లో న్యూరాలజిస్టు చెప్పి అప్పటికి ఐదు నెలలు. ఇది వెనక్కి తిరిగే జబ్బు కాదనీ, మందులు కాస్త నిదానం చేస్తాయనీ, ఎక్కడికైనా తీసుకెళ్లాలనుకుంటే ఈ ఏడే తీసుకెళ్లమనీ అన్నాడు. కొత్త చోట్ల ఒంటరిగా వదలొద్దని కూడా అన్నాడు. మొదటి మాటకి నేను కారు పార్కింగ్‌లో చాలాసేపు ఏడ్చాను. చివరి మాట నాకు వేరే చెప్పాలా అనుకున్నాను.

టెక్సస్ ఎండలో ఇరవై రెండేళ్లు కాపురం చేసిన మనిషి. మంచు కరిగి నీళ్లై పడే చోటు ఒక్కసారి చూపించమని ఎన్ని ఎండాకాలాలు అడిగిందో. ప్రతి ఏడూ నాకు ఆఫీసులో ఏదో ఒక సాఫ్ట్‌వేర్ రిలీజ్ అడ్డం వచ్చేది. రిలీజ్‌లు ఆగలేదు, నేనే రిటైరయ్యాను. చివరికి వర్జీనియాలో, షాంటిలీలో ఉండే మా అమ్మాయి క్రూజ్ బుక్ చేసింది. ఓడ ఎక్కే ముందు ఫోన్ చేసి జాగ్రత్తలన్నీ చెప్పింది.

“జలపాతం దాకా ఈజీ ట్రైలే నాన్నా. ఫ్లాట్‌గా ఉంటుంది, పిల్లల స్ట్రోలర్లు కూడా వెళ్తాయి. అమ్మ చెయ్యి మాత్రం వదలకు.”

సరేనన్నాను. అనడమైతే అన్నాను గానీ, నలుగురిలో భార్య చెయ్యి పట్టుకుని నడవడం నాకు చేతనైన పని కాదు. పెళ్లిలో పురోహితుడు పట్టుకోమంటే పట్టుకున్నాను, అంతే. మా నడకకి ఒక వరస ఉంది. నేను ముందు, ఆవిడ నాలుగడుగులు వెనక. కూరగాయలకెళ్లినా, గుడికెళ్లినా, డాలస్ ఎయిర్‌పోర్టులో గేటు కోసం పరిగెత్తినా అంతే. వెనక్కి చూసే పని ఎప్పుడూ పడలేదు. నేను ఆగితే ఆవిడ చెప్పుల చప్పుడు కూడా ఆగేది.

దారి మొదట్లో టోపీ పెట్టుకున్న రేంజరమ్మాయి అందరినీ ఆపి ఒకే మాట చెబుతోంది. ఎలుగుబంట్లు తిరిగే చోటట, మంచినీళ్లు తప్ప తినే వస్తువు ఏదీ దారిలోకి తేకూడదట. మా ఆవిడ వెంటనే బుద్ధిమంతురాల్లా హ్యాండ్‌బ్యాగు తెరిచి చూపించింది. అందులో ఐదు పొట్లాల జంతికలు ఉన్నాయి. ఓడలో ఆ చప్పిడి తిండి నాకు సయించదని ఇంట్లో వండి, నాకు తెలియకుండా సర్దుకుంది. ఉప్పు రెండుసార్లు పడింది వాటిలో. అది తెలిసీ రోజూ ఉదయం నోరు మూసుకుని తింటున్నాను. తిండేమీ పెట్టుకోవద్దని బయల్దేరేటప్పుడు చెప్పాను కూడా. వెనక వరసలో జనం ఆగిపోయారు, అందరూ మమ్మల్నే చూస్తున్నారు. నాకు కోపం ముక్కుమీదికొచ్చింది.

“ఎన్నిసార్లు చెప్పాలి నీకు?” అన్నాను.

ఏ జబ్బున్న మనిషిని ఏం అడిగానో అన్న తరవాత గాని తెలియలేదు. ఆవిడ బ్యాగు జిప్పు మెల్లగా మూసి, ఆ పొట్లాలేవో తనవి కావన్నట్టు నా చేతిలో పెట్టింది. నేను వెళ్లి వాటిని బస్సులో పడేసి వచ్చాను. తప్పయిందని ఒక మాట అనొచ్చు. అనకుండా, పద అన్నట్టు తలూపి ముందు నడిచాను.

అమ్మాయి చెప్పింది నిజమే, దారి చదునుగా ఉంది. కంకర పరిచారు. రెండు పక్కలా తడిసిన పొదలు, వాటి మధ్య ఊదా రంగు పువ్వులు గుత్తులుగా ఉన్నాయి. ఎడమ చేతివైపు పొదల సందుల్లోంచి చెరువు, అందులో తేలే మంచు ముక్కలు కనిపిస్తున్నాయి. చెరువుకి అవతల గ్లేసియర్. దూరానికి మాసిన పరుపులా ఉంది గాని, పగిలిన చోట్ల లోపలి రంగు నీలం. మేం నడిచే చోటంతా ఒకప్పుడు ఆ మంచు కిందే ఉండేదని దారి పక్కన బోర్డు మీద రాశారు. ఏటా వెనక్కి పోతోందట. నేను నిలబడి ఆ బోర్డంతా చదివాను. ఆవిడ వెనకే ఉందనుకున్నాను.

జలపాతం కనపడక ముందే వినపడింది. దగ్గరికి పోయేకొద్దీ మనుషుల మాటలు పెదాల కదలికలే అయిపోయాయి. కొండ మీంచి రెండంచెలుగా, తెల్లగా, ఇసుక మేట మీదికి దూకుతోంది. ఆ తుంపర మొహాన కొట్టగానే నా కోపం ఎటుపోయిందో పోయింది. చెయ్యి పైకెత్తి చూపిస్తూ, ఎంత ఎత్తో చూడు, ఇదంతా పైనున్న మంచు కరిగిన నీళ్లే, నువ్వడిగింది ఇదే కదా అని గట్టిగా అరిచి మరీ చెప్పాను. ఇంకా ఏవేవో చెప్పాను. జవాబు రాకపోతే పక్కకి తిరిగాను. పసుపుపచ్చ రెయిన్‌కోటులో ఒక అమెరికన్ పెద్దాయన మర్యాదగా తలూపుతున్నాడు. అప్పటిదాకా నా తెలుగంతా ఆయనే విన్నాడు.

దారిలోకి చూశాను. ఆవిడ లేదు.

బోర్డు దాకా పరిగెత్తాను, లేదు. చెరువులోకి దిగే కాలిబాటలు నాలుగైదు ఉన్నాయి, ఒక్కోదానిలోకీ కాస్త దూరం పోయి వెనక్కి వచ్చాను. ఫోన్ తీస్తే సిగ్నల్ లేదు. ఉన్నా, ఆవిడ ఫోన్ నా జేబులోనే ఉంది. ఆ చెరువు నీళ్లలో పడితే మనిషి కొద్ది నిమిషాలే తట్టుకుంటాడని పొద్దున్నే బస్సులో చెప్పారు. “ఇదిగో” అని అరిచాను. “ఏమోయ్” అని అరిచాను. మా ఇంట్లో వంటగది దాకా చాలిన పిలుపులు అవి. ఆ హోరులో నాకే వినపడలేదు.

పసుపు కోటు పెద్దాయన, ఆయన భార్య నా వెనకే వచ్చారు. విషయం చెప్పాను. ముసలావిడ నా భుజం మీద చెయ్యి వేసి, మీ భార్య పేరేమిటి, మేమూ పిలుస్తాం అంది. నాకు నోరు పెగల్లేదు. పేరు తెలియక కాదు. ఇన్షూరెన్స్ కాగితాల మీద, ఇమ్మిగ్రేషన్ ఫారాల మీద వందల సార్లు రాశాను. పెళ్లయిన ముప్పయ్యారేళ్లలో నోటితో ఆవిడని ఆ పేరుపెట్టి పిలవలేదు, అంతే. మా నాన్న మా అమ్మని పిలవలేదు, నేనూ పిలవలేదు. అమ్మాయికి అమ్మ, స్నేహితుల పిల్లలకి ఆంటీ, నాకు ఇదిగో. ఈ దేశంలో ఆవిడని పేరుపెట్టి పిలిచేవాళ్లు డాక్టర్ ఆఫీసుల్లో నర్సులే, అదీ రకరకాలుగా విరిచి.

పేరు చెప్పాను. ముసలి దంపతులిద్దరూ పొదలవైపు తిరిగి పిలవడం మొదలెట్టారు. దారిన పోయే ఇంకో ఇద్దరు ఆగి వాళ్లూ పిలిచారు. నాలుగక్షరాల పేరు, నలుగురి నోళ్లలో నాలుగు రకాలుగా నలిగిపోతోంది. మా ఆవిడ విన్నా అది తన పేరనుకోదు. నాకు సిగ్గూ భయమూ ఒకేసారి వచ్చాయి. ఊరూ పేరూ తెలియనివాళ్లు నా భార్య కోసం గొంతు చించుకుంటుంటే నేను పక్కన నిలబడి చూస్తున్నాను.

అప్పుడు పిలిచాను. ఛాతీలో ఉన్న గాలంతా పెట్టి, నాలుగక్షరాలూ విడివిడిగా, దీర్ఘం తీసి పిలిచాను. మొదటిసారి గొంతు చీరుకుపోయింది. రెండోసారి, మూడోసారి. ఎన్నిసార్లో లెక్క లేదు. ఏడుస్తున్నానని పసుపు కోటు ఆయన చేతిరుమాలు ఇస్తే గాని తెలియలేదు.

చెరువువైపు పొదలు కదిలాయి. ఆవిడ వచ్చింది. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి ఉంది, రెయిన్‌కోటు టోపీ వెనక్కి పడిపోయి జుట్టంతా జల్లుకి అంటుకుపోయింది. అంత వేగంగా ఆవిడ నడవడం నేను చూసి చాలా ఏళ్లయింది. సరాసరి నా దాకా వచ్చి, నన్ను దాటుకుని రెండడుగులు ముందుకెళ్లి, దారి అటూ ఇటూ వెతికింది.

“నాన్న ఏరి?” అంది. “ఇప్పుడే పిలిచారు.”

మా మామగారు పోయి పద్దెనిమిదేళ్లు. బడిపంతులు. ఇంట్లో అందరూ ముద్దుపేరుతో పిలుస్తుంటే ఆయనొక్కడే కూతుర్ని అక్షరం మింగకుండా పూర్తి పేరుతో పిలిచేవాడు. హాజరు పిలిచినట్టు ఉండేదని ఆవిడే ఒకప్పుడు నవ్వుతూ చెప్పింది. ఆయన లేడని ఆ చలిలో, అంతమంది ముందు, నేను మళ్లీ చెప్పలేకపోయాను.

“పిలిచింది నేనే” అన్నాను.

ఆవిడ వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. ముసలావిడ తన శాలువా తీసి ఆవిడ భుజాల మీద కప్పుతున్నా చూపు తిప్పలేదు.

“మీకు నా పేరు తెలుసా?” అంది.

నన్ను ఆటపట్టించడం ఆవిడకి కొత్త కాదు. ఏది ఎగతాళో ఏది కాదో కనుబొమ్మ కదలికతో చెప్పేయగలిగేవాణ్ని. ఆ రోజు ఎంతసేపు చూసినా చెప్పలేకపోయాను.

“తెలుసు” అన్నాను.

“అయితే పిలవండి.”

అంత దగ్గర నిలబడ్డ మనిషిని పేరుపెట్టి పిలవడానికి నాకు కొంతసేపు పట్టింది. పిలిచాను.