మా వాడు ఐస్ మీద ఉన్న రోజులు

రియాద్‌లో మా ఆయన చేసే పని ఏమిటో చెబితే ఊళ్ళో మా వాళ్ళు నమ్మేవారు కాదు. నిజామాబాద్‌లో పసుపు దాచే కోల్డ్ స్టోరేజీలో మెకానిక్‌గా ఉన్న మనిషి, ఏజెంటు పంపితే ఇక్కడికొచ్చి ఒక మాల్‌లో ఐస్ రింక్ చూసుకునే పనిలో చేరారు. నేల కింద పైపుల్లో చల్లటి ద్రవం తిరుగుతుంటుంది, పైన పలచగా నీళ్ళు పోస్తే గడ్డ కడుతుంది, జనం డబ్బులిచ్చి దాని మీద జారతారు. అంత ఎండలో ఐస్ ఏంది బావా అని మా తమ్ముడు ప్రతిసారీ నవ్వేవాడు.

నేను నర్సుని. పెళ్ళైన కొన్నాళ్ళకు నాకూ రియాద్‌లో ఆసుపత్రి ఉద్యోగం దొరికింది. మలాజ్ అనే పేటలో ఒక పాత బిల్డింగులో ఉండేవాళ్ళం. మా ఒక్కగానొక్క కొడుకు అక్కడే పుట్టి పెరిగాడు.

నాకు పగటి డ్యూటీ పడితే వాణ్ణి చూసేవాళ్ళు ఉండేవారు కాదు. ఆయన తనతో తీసుకెళ్ళేవారు. ప్లాంట్ రూంలో కంప్రెసర్ల హోరు భరించలేక వాడు బయటికొచ్చి రింక్ గట్టు పట్టుకుని నిలబడేవాడట. స్కేటింగ్ నేర్పే ఫిలిప్పీన్స్ అమ్మాయి ఒకరోజు వాడి కాళ్ళకు అద్దె బూట్లు కట్టి లోపలికి దింపింది. నేను చూసేనాటికి వాడు గట్టు వదిలేసి చాలా రోజులైంది. ఇంట్లో గడప తట్టుకుని పడే పిల్లవాడు అక్కడ ఒంగి, చేతులు వెనక్కి పెట్టుకుని, మలుపు తిరుగుతుంటే నా కొడుకేనా అనుకున్నాను.

శుక్రవారం పొద్దున, మాల్ తెరవకముందు, కొందరు విదేశీ ఇంజనీర్లు అక్కడ ఐస్ హాకీ ఆడేవారు. వాళ్ళలో తల నెరిసిన కెనడా ఆయన ఒకరు మా వాడికి ఒక పాత కర్ర ఇచ్చాడు. నల్లటి రబ్బరు బిళ్ళను ఆ కర్రతో ఎలా లాక్కెళ్ళాలో చూపించాడు. మీసాలు రాకముందే మా వాడు ఆ పెద్దవాళ్ళ మధ్య ఆడేవాడు. టెన్త్ అయ్యాక ఆ కెనడా ఆయన మా ఇంటికి వచ్చి, నేను పెట్టిన ఉప్మా తిని, వీడు ఇక్కడే ఉంటే ఇంతకు మించి ఎదగడు, చలికాలం ఉన్న దేశానికి పంపండి అన్నాడు. పోలండ్‌లో తనకు తెలిసిన జూనియర్ క్లబ్ ఉందట. ఉండటానికి చోటు, చదువు వాళ్ళే చూసుకుంటారట. మా ఆయన లేచి ప్లేట్లు తీశారు. వాణ్ణి అడగండి అన్నారు చివరికి. వాణ్ణి అడగాల్సిన పనేముంది? వాడి ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది.

అలా వెళ్ళాడు. బయట ఎక్కువకాలం ఉండిపోవడంతో ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, వాడి ఇఖామా, పోయింది. జూనియర్లలో బాగా ఆడాడు. తర్వాత ఒక చిన్న పట్నం క్లబ్ జీతమిచ్చి తీసుకుంది. ప్రొఫెషనల్ అంటే ఏమిటని మా తమ్ముడు అడిగితే, ఆటే ఉద్యోగం అని చెప్పాను. గర్వంగానే చెప్పాను.

ఆట ఉన్న రోజు ఫోన్‌ను కుక్కర్‌కు ఆనించి పెట్టుకుని చూసేవాళ్ళం. నేను వాడి చొక్కా మీది నంబరు వెతికేదాన్ని. ఆయన మాత్రం ఐస్ చూసేవారు. మెత్తగుంది, వీళ్ళు నీళ్ళు సరిగ పోస్తలేరు, పోరలు కింద పడుతరు అని గొణుక్కునేవారు.

ఆ క్లబ్బుల్లో విదేశీ ఆటగాళ్ళు ఇంతమందే ఉండాలని నియమం ఉండేది. మా వాడు ఎప్పుడూ ఆ లెక్కలోనే. సౌదీలో పుట్టాడు కానీ సౌదీవాడు కాదు, పాస్‌పోర్టు ఇండియాది కానీ అక్కడ వాడిని ఎరిగిన కోచ్ ఒక్కడూ లేడు. మంచి ఆటగాడు ఎవరైనా కెనడా నుంచి వస్తే మా వాడు బయట కూర్చునేవాడు. బయట కూర్చున్న రోజున ఫోన్‌లో వాడి గొంతు మరీ మామూలుగా ఉండేది. దానికే నాకు భయమేసేది.

ఆ క్లబ్‌లో చేరిన రెండో ఏడాది చలికాలంలో, ఎదుటి జట్టువాడు గోడకేసి గుద్దితే మోకాలు తిరిగిపోయింది. ఆపరేషన్ చేశారు. మళ్ళీ చేశారు. బాగైతుందమ్మా అంటాడే గానీ వీడియోలో కాలు చూపించేవాడు కాదు. నేను పట్టుబట్టి స్కాన్ ఫొటోలు తెప్పించుకున్నాను. వార్డులో నిలబడి చూశాను, ఆర్థో డాక్టరుగారికి చూపించాను. నడుస్తాడమ్మా అని మాత్రం అన్నారాయన.

క్లబ్ మళ్ళీ కాంట్రాక్టు ఇవ్వలేదు. నా ఇఖామా మీద విజిట్ వీసా తీసి రియాద్‌కు రప్పించాను. పుట్టిన ఊరికి వాడు విజిటర్‌గా వచ్చాడు. కాలికి పట్టీతో హాల్లో పరుపు వేసుకుని పడుకునేవాడు, ఆట ఊసు ఎత్తేవాడు కాదు. మేమూ ఎత్తలేదు.

ఆ నెలలోనే మాల్ వాళ్ళు రింక్ తీసేసి పిల్లల ఆటల మెషిన్లు పెట్టాలని నిర్ణయించారు. ఐస్ కరిగించే పని మా ఆయనదే. అన్నం తింటూ, పక్కింటి విషయం చెప్పినట్టు చెప్పారు. మా వాడు తానూ వస్తానన్నాడు. నేను సెలవు పెట్టుకుని వాళ్ళ వెంట వెళ్ళాను.

పొద్దున షాపులింకా తెరవలేదు. మా ఆయన ప్లాంట్ రూం వైపు వెళుతుంటే మా వాడు ఆపాడు.

"ఒక్కసారి దిగుత డాడీ. స్కేట్స్ ఒద్దు. ఊకె నడుస్త."

ఆయన వద్దనలేదు. చెయ్యి పట్టుకుని దింపారు. మామూలు బూట్లతో ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని జారిపోకుండా మధ్యదాకా నడిచారు. ఆ ఐస్‌ను ఇన్నేళ్ళు చూసుకున్న మనిషి, కొడుకుతో కలిసి దాని మీద నడవడం నేను అదే మొదటిసారి చూడటం. తిరిగొచ్చాక ఆయన లోపలికి వెళ్ళి కంప్రెసర్లు ఆపేశారు. ఆ హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. నాకు చెవులు దిబ్బడ వేసినట్టయింది.

ఐస్ అంత త్వరగా కరగదు. మధ్యాహ్నానికి పైన నీళ్ళు నిలిచాయి. అడుగున వేసిన ఎర్ర గీతలు, నీలం గీతలు కరిగి నీళ్ళలో కలిశాయి. బంగ్లాదేశ్ కుర్రాళ్ళు వైపర్లతో ఆ నీళ్ళను కాలువలోకి తోస్తున్నారు. మా ఆయన కూడా ప్యాంటు మడిచి వాళ్ళతో పాటు తోస్తున్నారు. మా వాడు గట్టు మీద కూర్చుని చూస్తూ చూస్తూ అన్నాడు:

"డాడీ, నేనింక ఆడలేను. డాక్టర్ ఎప్పుడో చెప్పిండు. మీకే చెప్పలేదు."

ఆయన వైపర్ ఆపలేదు.

"నాకెరుకనే బిడ్డా. ఆ ఫొటోలు చూసిన నాడే మీ అమ్మ చెప్పింది."

మా వాడు నా వైపు తిరిగాడు. నేను తల ఊపాను. అప్పుడు ఏడ్చాడు. మోకాలు దెబ్బతిన్నప్పుడు ఏడ్చాడో లేదో నాకు తెలియదు, నేను పక్కన లేను. ఆ రోజు పక్కనే ఉన్నాను గానీ చేయగలిగిందేమీ లేకపోయింది, వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను. కుర్రాళ్ళు పని ఆపి, తలలు దించుకుని, కాసేపు పక్కకు జరిగారు.

రింక్ లేదు గనుక మా ఆయన ఉద్యోగమూ లేదు. కంపెనీ ఖురూజ్ కొట్టించింది, అంటే ఇక దేశం విడిచి వెళ్ళాల్సిందే. వీసా గడువు తీరకముందే మా వాడూ ఆయనతో పాటు విమానం ఎక్కాడు. విమానాశ్రయంలో ఆయన నా చేతిలో ఇంటి తాళాలు పెట్టి, గ్యాస్ సిలిండర్ మార్చడానికి ఎవరినైనా పిలువు, నువ్వు మొయ్యకు అన్నారు. అంతకంటే ఏమనగలరు?

ఇప్పుడు హైదరాబాద్‌లో మా వాడు ఒక జిమ్‌లో పని చేస్తున్నాడు. ఆయన ఏసీ రిపేర్లకు పోతున్నారు. హాకీ ఆడేవాణ్ణని చెబితే జిమ్‌కొచ్చే వాళ్ళు గ్రౌండ్‌లో ఆడే హాకీ అనుకుంటారట. మొదట్లో విడమర్చి చెప్పేవాడు, ఇప్పుడు అవునంటాడట. నేను మలాజ్‌లోని ఇల్లు ఖాళీ చేసి ఇంకో ఇద్దరు నర్సులతో కలిసి ఉంటున్నాను. డ్యూటీ అయ్యాక ఫోన్ చేస్తాను. ఏం వండుకున్నారో చెబుతారు, మోకాలు ఎలా ఉందంటే మా వాడు పరవాలేదమ్మా అంటాడు. ఆ పైన నేనూ అడగను.