అన్నయ్య కీ ఇచ్చే వాచీ

రేవులో ఓడల అడుగు గీకే గజఈతగాడు మా అన్నయ్య. పనిలో తాడు చేతికి మెలిపడి, నలిగిన కుడిచేతి వేళ్లు బిగుసుకుపోయాయి. అవి మళ్లీ వంగితేనే మళ్లీ నీళ్లలోకి దిగనిస్తారు. ఈలోగా సముద్రంలో పోయిన తన డైవింగ్ వాచీకి నకలు, విడిభాగాలు కొని తయారుచేస్తున్నాడు.

"ఆటోమేటిక్ మెషీన్ వెయ్యి. చెయ్యి ఊగితే చాలు, నడుస్తుంది. రోజూ కీ తిప్పితే నీళ్లు ఆపే రబ్బరు అరిగి లోపలికి నీళ్లు దిగుతాయి," అన్నాను, మరలు మా పాప మింగేస్తుందేమోనని వాటిమీద గిన్నె బోర్లిస్తూ.

"అరిగితే మారుస్తాలేరా. కీ ఇచ్చేదే వేస్తా. ఈ మొద్దు వేళ్లకి రోజూ పని పడాలి."

వాచీ పూర్తయ్యాక మొదటి ఉదయం అన్నయ్య వేళ్లలోంచి కీ పదేపదే జారింది. నేను చెయ్యి చాపాను.

"ఫో, నీ కూతురికి అన్నం పెట్టుకో!"

చివరికి కీ తిరిగింది, ముల్లు కదిలింది. అన్నయ్య వాచీని పాప చెవికి ఆనించాడు.