తాడు మీద ఆరుతున్న నా తువ్వాలు

తొంభైల చివర్లో, వానల్లేని ఏడాది. ఆ ఆదివారం మధ్యాహ్నం ముదిగుబ్బ దాటి గుట్టల్లోని ఒక పల్లెకు చేరాను. నేను బడిపంతులుని. సెలవు దొరికితే సైకిలెక్కి తెలియని ఊళ్లు తిరగడం నా పిచ్చి. అంత కరువులోనూ అక్కడ మనిషి కనబడితే ముందు చెంబుతో నీళ్లిస్తారు, పేరు తర్వాత అడుగుతారు.

మొదటి ఇంటి అరుగు మీద ఒక అవ్వ కూర్చుని ఉంది.

"అవ్వా, మీ ఊరికి రావడం ఇదే మొదలు. కొంచెం నీళ్లిస్తావా?"

అవ్వ నవ్వింది. "ఏమప్పా, ఎగతాళా? పొద్దున నా చేతి సంగటి తినిపోతివి కదా. మరిచిపోయిన తువ్వాలు కోసం మళ్లా వచ్చినావనుకుంటి."

చూరు కింద తాడు మీద ఎర్ర గళ్ల తువ్వాలు ఆరుతోంది. మూలన నా భార్య పచ్చదారంతో కుట్టిన అక్షరం ఉంది. ముట్టుకుంటే ఇంకా తడి. పొద్దున ఇంటి నుంచి బయల్దేరడం గుర్తుంది. తర్వాత చింతచెట్టు కింద కళ్లు నులుముకోవడం గుర్తుంది. కునుకు పట్టిందనుకున్నాను. మధ్యలో ఏమీ లేదు. చెప్పడానికి సిగ్గెందుకు, నీళ్లు కూడా తాగకుండా తువ్వాలు లాక్కుని ఇంటిదారి పట్టాను.

ఇంట్లో గాలి సోకిందన్నారు. అనంతపురంలో సీటీ స్కాన్, ఈఈజీ రెండూ నార్మల్. "టెన్షన్, రెస్ట్ తీసుకోండి" అన్నాడు డాక్టరు. రెస్ట్ తీసుకుంటే పోయిన పూట తిరిగొస్తుందా? పిల్లలకు పాఠం చెబుతూ కూడా, ఇప్పుడు నేనిక్కడే ఉన్నానా అని గోడ తడుముకునేవాణ్ణి.

బెంగళూరులో న్యూరాలజిస్టు రిపోర్టులు పక్కన పెట్టి, "మీకేం జరిగిందో మీరు చెప్పలేరు. చూసినవాళ్లను తీసుకురండి" అన్నారు. అవ్వ సద్దిమూటతో బస్సెక్కి వచ్చింది, ఏనాడూ జిల్లా దాటని మనిషి.

"సంగటి తిన్నంక పిలిస్తే పలకలేదు సామీ. కండ్లు తెరుచుకోనే ఉండాడు. ఉత్తనోరు చప్పరిస్తా, గుండీలు పిసుకుతా కూసున్నాడు. కొంచేపటికి లేసి సైకిలెక్కి పోయినాడు. ఆ ముందు ఆదివారమూ అట్లనే."

ఉలిక్కిపడి చూశాను. ఆ ముందు ఆదివారం గోరంట్ల దారిలో తిరిగానని ఇంట్లో చెప్పాను. నేనూ అదే నమ్మాను.

"మరి అప్పుడే చెప్పలేదేం అవ్వా?"

"ఇంటికొచ్చినోన్ని ఎన్నో మాటు వచ్చినావని అడుగుతారా యాడన్నా?"

డాక్టరు రాసుకున్నారు. "ఇవి ఫిట్సే. టెంపోరల్ లోబ్ ఎపిలెప్సీ. కింద పడి కొట్టుకుంటేనే ఫిట్స్ అనుకోకండి." టాబ్లెట్లు మొదలుపెట్టి, సైకిల్ మాన్పించారు.

ఏడాది బాగున్నాను. బాగైపోయిందని టాబ్లెట్లు నేనే మానేశాను. ఒకరోజు బడికి నడుస్తూ బయల్దేరినవాణ్ణి, ఊరి బయట ఎండలో నిలబడి ఉన్నాను. నీడ కాళ్ల కిందికి వచ్చేసింది. ముఖం ఆ పల్లె దారికేసే ఉంది. "బాగున్నది టాబ్లెట్ల వల్లే కదయ్యా!" అని డాక్టరు కోప్పడ్డారు. మళ్లీ మానలేదు.

ఇప్పటికి ఐదేళ్లుగా ఫిట్స్ లేవు. డాక్టరు ఒప్పుకున్నాక సైకిలెక్కాను, పక్కన తోటి పంతులు ఉంటేనే. నేను చెప్పేది ఒక్కటే: కాసేపు మీకు తెలియకుండా పోయిందనిపిస్తే, ఆ సమయంలో మిమ్మల్ని చూసిన మనిషిని వెతికి డాక్టరు దగ్గరికి వెంట తీసుకుపోండి. నా జబ్బు మిషన్లకు దొరకలేదు, అవ్వ కంటికి దొరికింది.

ఆ పల్లెకు ఇప్పటికీ పోతాను. అవ్వ చెంబు అందిస్తూ అడుగుతుంది, "తెలిసే వచ్చినావా నాయనా?"

"తెలిసే వచ్చినానవ్వా" అంటాను. అంతకుముందే చూరు కింద తాడు చూసుకుంటాను.